చిలక చెయ్యని ద్రోహం

అనగనగా ఒక రాజు. ఆగండాగండి, రాజు ఎక్కడికీ పారిపోడు కానీ ముందు రాయి సంగతి చెప్పాలి. ఎందుకంటే ఆ రాజ్యంలో రాజు కంటే రాయి పెద్దది.

ఆ రాజ్యం పేరు పొగడవరం. రాజవీధికి రెండు పక్కలా పొగడచెట్లు. పొద్దున్నే లేచి వాకిలి తీస్తే వీధంతా పూలే. కోట ముందర ఒక నల్లరాతి పలక, మనిషి ఛాతీ అంత ఉండేది. దాని మీద మూడంటే మూడు వాక్యాలు. రాజుగారి తాతకి తాత చెక్కించాడట. రాజద్రోహం అంటే ఏమిటి, దాన్ని ఎలా రుజువు చెయ్యాలి, శిక్ష ఎవరికి పడాలి, ఇదీ అందులో సంగతి. "రాజుకి కోపం వచ్చినప్పుడల్లా ఊళ్ళో ఒక ద్రోహి పుట్టకూడదు" అన్నాడట ఆ మహానుభావుడు. ఎంత మాటన్నాడో చూడండి! అలాంటి రాజులు ఇప్పుడెక్కడున్నారు?

ఏటా ఎండాకాలం మొదట్లో రాతి పండగ జరిగేది. ఆడవాళ్ళు రాయిని పసుపునీళ్ళతో కడిగేవాళ్ళు. పొగడదండ వేసేవాళ్ళు. ఆస్థాన పండితుడు గొంతు సవరించుకుని మూడు వాక్యాలూ చదివేవాడు. తర్వాత పెద్ద పెద్ద గంగాళాల్లో పానకం! మిరియం, యాలకులు, శొంఠి, పైన కాస్త పచ్చకర్పూరం. అబ్బ, ఆ పానకం కోసం పక్క రాజ్యం వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. పిల్లలు మూతులు తుడుచుకోకుండా తిరిగేవాళ్ళు. ఆ రోజులే వేరు.

అయితే ఒక్క పొరపాటు జరిగింది. ఎవరో చేసింది కాదు, అందరూ చేసిందే. రాతి మీద ఉంది కదా, ఎక్కడికి పోతుందని ఆ మూడు వాక్యాలు ఒక్కరూ బుర్రకెక్కించుకోలేదు. పండితుడు చదువుతుంటే జనం చెవులు పండితుడి వైపు, కళ్ళు గంగాళాల వైపు. పానకం రుచి అందరికీ గుర్తుంది. శాసనం మాత్రం ఒక్కడికీ గుర్తులేదు. ఆ పండితుడైనా ఏటా రాయి చూసి చదివినవాడేగా!

ఇప్పుడు రాజు సంగతి. ఆయన పేరు గుణార్ణవుడు. ముగ్గురు కొడుకులు. పెద్దవాడు పద్మకేతు, నడిమివాడు రత్నకేతు, చిన్నవాడు మణికేతు. మన కథంతా ఈ చిన్నవాడిదే.

మణికేతుకి మూడేళ్ళప్పుడు తల్లి పోయింది. దాది చెంచమ్మ పాలు పట్టి పెంచింది, పెద్దన్న పద్మకేతు భుజాలెక్కించుకుని తిప్పాడు. రాతి పండగకి కూడా అన్న భుజాల మీదే. ఒక ఏడు వాడు పైనుంచి వంగి అడిగాడు.

"అన్నయ్యా, రాతి మీద ఏం రాసుంది?"

"ముందు పానకం తాగరా. తర్వాత చదువుదాం" అన్నాడు అన్న.

ఆ తర్వాత అనేది రానేలేదు. ఎందుకు రాలేదో చెప్తాను వినండి.

రాణి పోయినప్పటి నుంచి రాజుగారికి నిద్రలేదు. వైద్యులు వచ్చారు, పోయారు. చివరికి కంకాళుడని ఒక మంత్రగాడు వచ్చాడు. మెడలో ఎముకల దండ, నడుముకి ఒక మందు సంచి. ఆ సంచిలోంచి చిటికెడు పొడి తీసి పాలల్లో కలిపి ఇచ్చాడు. రాజుగారు హాయిగా పడుకున్నారు. పడుకునే ముందు రోజూ మంత్రగాడు చెవిలో ఒక మాట వేసేవాడు. "మహారాజా, మీరంటే గిట్టనివాళ్ళు ఉన్నారు సుమా!" ఆరు నెలలు తిరిగేసరికి వాడే మహామంత్రి.

ఆ ఏడు రాతి పండగ నాడు జనం వచ్చి చూస్తే రాయి లేదు! "పిడుగు పడి పాతాళానికి పోయింది. అందులో ఉన్నది నాకు తెలుసులెండి, నేను చెప్తాను" అన్నాడు కంకాళుడు. వాడు చెప్పిందే శాసనమైంది.

మొదట, రాజుని తిట్టడం ద్రోహం అన్నాడు. సరే, ఎవరు తిడతారని ఊరుకున్నారు. తర్వాత, పొగడకపోవడం ద్రోహం అన్నాడు. ఆ తర్వాత, తలుచుకోవడం కూడా ద్రోహమే అన్నాడు. ఇంకేముంది! "మహారాజుగారి దగ్గు తగ్గిందా?" అని పాపం మంచికే అడిగిన పూలమ్మి జైలుకి పోయింది. రాజు చావు కోరిందట! రాజు ఏనుగెక్కి వెళ్తుంటే తుమ్మిన వస్తాదు జైలుకి పోయాడు. కలలో రాజు కిరీటం కింద పడిందని పెళ్ళాంతో చెప్పుకున్న కుమ్మరి జైలుకి పోయాడు. చెప్పించుకున్నందుకు పెళ్ళామూ పోయింది. "ద్రోహి ఇల్లంతా ద్రోహమే" అన్నాడు కంకాళుడు.

ఊళ్ళో ముసలివాళ్ళు గొంతు తగ్గించి అనుకునేవాళ్ళు. "రాతిలో ఇలా లేదర్రా." "మరెలా ఉంది?" "అదే గుర్తు రావడం లేదు."

ఇది చూసి పద్మకేతు ఊరుకోలేకపోయాడు. నిండు సభలో లేచి నిలబడ్డాడు.

"నాన్నగారూ, తుమ్మినవాడిని బంధిస్తే రేపు దగ్గినవాడిని బంధించాలి. ఇది ధర్మం కాదు. మన తాతలు ఇలా చెయ్యలేదు."

"విన్నారా మహారాజా? మీ గొంతు మీద గొంతెత్తాడు. ఇది ద్రోహం కాక మరేమిటి? మూడో పున్నమి నాడు తల తియ్యాలి. వాడి భార్యదీ, కూతురిదీ కూడా" అన్నాడు కంకాళుడు.

కూతురికి ఐదేళ్ళు. పేరు చిన్నారి. ఆ మాట విని మణికేతు పరిగెత్తుకొచ్చాడు. తండ్రి కాళ్ళ మీద పడ్డాడు.

"నాన్నగారూ! అన్నయ్య మీ మాట ఒక్కటీ మీరి ఎరగడు. శాసనంలో ఇలా ఉండదు!"

"ఉండదని నీకు తెలుసా? ఏం రాసుందో చెప్పు" అన్నాడు రాజు. ఆయన కళ్ళు మత్తుగా ఉన్నాయి.

మణికేతు నోరు తెరిచాడు. ఒక్క ముక్క రాలేదు. పన్నెండు పండగలు చూసినవాడు, ఒక్క ముక్క రాలేదు! సిగ్గుతో చచ్చిపోయాడు.

"రాయి తీసుకొస్తే?"

"తీసుకొస్తే రాయి ఎలా చెప్తే అలా. నా తాతల మీద ఒట్టు" అన్నాడు రాజు. కంకాళుడు పక్కన నిలబడి ముసిముసిగా నవ్వాడు. ఆ నవ్వు చూశాకే మణికేతుకి తెలిసింది, రాయి పాతాళానికి పోలేదు, వీడే దాచాడని.

దాది చెంచమ్మ పేలపిండి మూట కడుతూ చెప్పింది. "చిన్నబాబూ, వాడి మంత్రపు దీవి ఏడు సముద్రాల అవతల ఉందిట. వాడి ప్రాణం కూడా వాడి దగ్గర లేదుట, అక్కడే ఒక చిలకలో దాచుకున్నాడుట. నీ చేతికి దొరికితే మెడ నులిమెయ్యి నాయనా. పీడ విరగడైపోతుంది."

అయితే ముందు బయలుదేరింది నడిమివాడు రత్నకేతు. "నువ్వు పిల్లవాడివి, నేను వెళ్తా" అని వందమంది సైన్యంతో, మేళతాళాలతో ఓడలెక్కి వెళ్ళాడు. ఒక పున్నమి దాటింది. కబురు లేదు. ఇక మణికేతు పేలపిండి మూట భుజాన వేసుకుని ఒక్కడే బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. మణికేతు భుజం పెట్టి తిప్పాడు.

"బతికించావు బాబూ" అంది తాబేలు నిదానంగా. "మూడు రోజుల నుంచి ఆకాశం చూసి చూసి విసుగొచ్చింది. ఎక్కడికి?"

"ఏడు సముద్రాల అవతలికి, తాతా."

"ఎక్కు మరి. నేల మీదే నాకు నిదానం. నీళ్ళలో చూడు నా తడాఖా!"

ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. మూడోది కల్లు సముద్రం. దాని ఒడ్డున, ఏం చెప్పను నాయనా, రత్నకేతు సైన్యం వందమందీ కత్తులు దిండ్లు చేసుకుని గురకలు పెడుతున్నారు! రత్నకేతు ఒక్కడు లేచి కూర్చుని తల పట్టుకున్నాడు.

"తమ్ముడూ, ఒక్క దోసెడు తాగి చూద్దాం అన్నారురా వీళ్ళు."

మణికేతుకి కోపం వచ్చింది కానీ అన్న మొహం చూసి చల్లారిపోయింది. "నువ్వు వీళ్ళని లేపి ఇంటికి తీసుకుపో అన్నయ్యా. పెద్దన్నయ్య పక్కన మనవాళ్ళు ఒకరైనా ఉండాలి" అన్నాడు.

నెయ్యి సముద్రం దాటారు. పెరుగు సముద్రంలో ఒక ముంగిస చెక్కముక్క పట్టుకుని తేలుతోంది, ఒళ్ళంతా మీగడ. దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. అది పేలపిండి తింటూ, "నాకు పని చెప్పు, ఊరికే తినను" అంది. పాల సముద్రం దాటారు. మంచినీళ్ళ సముద్రం దాటారు. దారి పొడుగునా మణికేతుకి అన్న భుజాలే గుర్తొచ్చాయి. అక్కడి నుంచి చూస్తే ఊరంతా కనబడేది, ఊళ్ళో వాళ్ళందరూ నవ్వుతూ కనబడేవాళ్ళు. ఆ ఊరు మళ్ళీ చూస్తానా అనుకుని ఏడ్చాడు. తాబేలు విననట్టే ఈదింది.

దీవి మీద ఒక రాతి ఇల్లు. వాకిట్లో దానిమ్మచెట్టు, చెట్టుకి పంజరం, పంజరంలో చిలక. చెట్టు మొదట్లో తాచుపాము చుట్టుకుని ఉంది. "ఇదేగా నా పని" అని ముంగిస ఒళ్ళు విదిలించుకుని దూకింది. కాసేపట్లో పాము లేదు.

చెట్టు కింద ఒక అమ్మాయి కూర్చుని మందు నూరుతోంది. తలెత్తి మణికేతుని చూసి నూరడం ఆపేసింది. మూడేళ్ళయింది మరి మంచి మనిషి మొహం చూసి! ఆమె పేరు కువలయవల్లి. మల్లెకొండ రాజు కూతురు. కంకాళుడు తన మాయపొడికి మందులు నూరడానికి ఎత్తుకొచ్చి పెట్టాడు.

మణికేతు చూపు ఆమె మీద లేదు. ఆమె నూరుతున్న రాయి మీద ఉంది. నల్లరాయి, దాని మీద గాట్లు.

"అమ్మాయీ, ఆ రాయి!"

"ఏం? అక్షరాల గాట్లున్నాయి కదా, మందు బాగా నలుగుతుందని తెచ్చిపెట్టాడు మహానుభావుడు. మూడేళ్ళుగా దీని మీదే నూరుతున్నాను. వేరే పుస్తకమా, పాడా? ఇదే చదువుకున్నాను. కళ్ళు మూసుకుని చెప్పమంటావా?"

మణికేతు చేతులు జోడించాడు. ఆమె నిజంగానే కళ్ళు మూసుకుని, రాయి మీద వేలు జరుపుతూ చెప్పింది.

"రాజ్యం మీద ఆయుధం ఎత్తడం, శత్రువుకి కోట తలుపు తియ్యడం, ఈ రెండే ద్రోహం. మాట ద్రోహం కాదు, తలపు ద్రోహం కాదు.

ఆ పనిని ఇద్దరు ఒకేచోట కళ్ళారా చూసి ఉండాలి. పట్టపగలు పదిమందిలో చెప్పాలి.

ద్రోహికి శిక్ష తల తియ్యడం. ఆ ఒక్క తలే. అతని ఆలికి, బిడ్డకి, అతని మీద ఆధారపడ్డ ఏ ప్రాణికీ ఆ శిక్ష తగలకూడదు."

మణికేతు కూలబడిపోయాడు. ఇంత చిన్నదా! పండగ నాడు ఒక్కసారి అన్న భుజం దిగి చదివుంటే చాలు కదా అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఏడుపు తర్వాత" అంది కువలయవల్లి. "ఇంకో సంగతుంది. నల్లకోట సేనాపతి పోయిన అమావాస్య నాడు ఇక్కడికి వచ్చాడు. మీ కోట ఉత్తర ద్వారం తాళానికి మారు చెవి చేయించి మీ మంత్రి వాడి చేతిలో పెట్టాడు. మీ అన్న తల తీసే రోజున జనమంతా దక్షిణం మైదానంలో ఉంటారు. ఉత్తరం నుంచి వాళ్ళు వస్తారు. నా కళ్ళతో చూశాను."

కంచే చేను మేసింది, చూశారా! రాజ్యంలో అందరినీ ద్రోహులన్నవాడే అసలు ద్రోహి.

"నేనూ చూశాను" అంది తాబేలు ఒడ్డు నుంచి. "ఆ రోజు ఈ మెట్టు పక్కనే ఎండకి పడుకున్నాను. బండ అనుకుని నా వీపు మీద కాలు పెట్టి నిలబడి మరీ ఇచ్చాడు. ఇంకా నొప్పిగానే ఉంది."

"ఈ గొడవంతా ఎందుకు?" అంది కువలయవల్లి. "చిలక ఇదిగో. మెడ నులిమితే వాడు అక్కడ ఠపీమని చస్తాడు. మీ అన్న బతుకుతాడు."

మణికేతు పంజరం తెరిచి చిలకని పట్టుకున్నాడు. దాని గుండె అరచేతిలో టపటపమని కొట్టుకుంటోంది.

"బాబూ, నేనేం చేశాను?" అంది చిలక. "నన్ను అడిగి పెట్టాడా ప్రాణం? గూట్లో పిల్లప్పుడు పట్టుకొచ్చి నాలో పెట్టాడు. ఒక్కసారైనా ఎగిరి ఎరగను. వాడు చేసిన దానికి నా మెడా?"

మణికేతు వేళ్ళు బిగిశాయి. అన్న మొహం కళ్ళముందు మెదిలింది, చిన్నారి మొహం మెదిలింది. ఒక్క క్షణం. ఒక్క క్షణం పని. పిట్టే కదా! చంపితే ఎవరు అడుగుతారు?

"అమ్మాయీ, మూడో వాక్యం ఇంకోసారి చెప్పు" అన్నాడు.

"చెప్పను" అంది ఆమె. "చెప్తే నువ్వు చంపవు."

మణికేతు చిలకని వదల్లేదు, నులమలేదు. చివరికి ఆమే తల దించుకుని చెప్పింది. "అతని మీద ఆధారపడ్డ ఏ ప్రాణికీ ఆ శిక్ష తగలకూడదు."

మణికేతు చిలకని మెల్లగా పంజరంలో పెట్టేశాడు. "అన్నయ్య కూతురికి తగలకూడదని వచ్చినవాడిని, దీనికి తగిలిస్తే నేనూ కంకాళుడూ ఒకటే" అన్నాడు.

కువలయవల్లికి అతని మీద ఒళ్ళు మండింది. అతనంటే ఇష్టం కలిగింది కూడా అప్పుడే. ఆడవాళ్ళ మనసు అంతే అనకండి, మంచివాళ్ళని చూస్తే ఎవరికైనా ఆ రెండూ కలుగుతాయి.

రాయి, పంజరం, కువలయవల్లి, ముంగిస, మణికేతు. అన్నీ తాబేలు వీపు మీద. పాపం, "ఇంకేమైనా ఉన్నాయా, దీవి కూడా ఎక్కిస్తారా?" అని అడిగింది. ఏడు సముద్రాలూ వెనక్కి ఈదింది. పొగడవరం ఒడ్డు చేరేసరికి మూడో పున్నమి రోజు, పొద్దు నడినెత్తికి వస్తోంది.

ఒడ్డున రత్నకేతు, వందమందీ తలలు దించుకుని నిలబడి ఉన్నారు. మొహం చెల్లక కోటలోకి పోలేదట.

"అన్నయ్యా, నీకొక పని. ఉత్తర ద్వారం. లోపలి గడియ వేసి అక్కడే నిలబడు. ఎవరు తాళం తీసినా తలుపు కదలకూడదు" అన్నాడు మణికేతు. రత్నకేతు మొహం వెలిగిపోయింది. వందమందీ పరిగెత్తారు. ఆ పూట నల్లకోట వాళ్ళు వచ్చారు, తాళం తీశారు, తోశారు, తోశారు. తలుపు కదల్లేదు. కోట మీంచి వందమంది ఒక్కసారి బొబ్బరించేసరికి తాళంచెవి వదిలేసి పారిపోయారు.

ఇక్కడ మైదానంలో పద్మకేతు చేతులు వెనక్కి కట్టి మోకాళ్ళ మీద ఉన్నాడు. పక్కన వదిన, ఆమె చెంగులో మొహం దాచుకున్న చిన్నారి. తలారి కత్తి ఎత్తాడు.

"ఆగండి! రాయి వచ్చింది!"

జనం పక్కకి జరిగారు. ఒక ముసలాయన రాయిని చూసి "మన రాయర్రా!" అని ఏడ్చేశాడు. అంతే, మైదానమంతా గొల్లుమంది. దాది చెంచమ్మ పరిగెత్తుకొచ్చి మందు మరకలు పడ్డ రాయిని కొంగుతో తుడిచింది.

కంకాళుడు సంచిలో చెయ్యి పెట్టాడు. పొడి లేదు. నూరేవాళ్ళు లేకపోతే ఎక్కడిది? కళ్ళెత్తి చూస్తే మణికేతు చేతిలో పంజరం. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అడుగు కదపలేదు.

కువలయవల్లి మూడు వాక్యాలూ చదివింది. రాజుకి ముందు రాత్రి మత్తుపొడి అందలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన కళ్ళు తేటగా ఉన్నాయి. లేచి వచ్చి కొడుకు కట్లు తన చేత్తో విప్పాడు. "నా వల్ల తప్పు జరిగిపోయింది నాయనా" అన్నాడు. పద్మకేతు తండ్రి భుజం మీద తల పెట్టాడు. పూలమ్మి, వస్తాదు, కుమ్మరి, కుమ్మరి పెళ్ళాం, అందరినీ అప్పటికప్పుడు వదిలేశారు.

తర్వాత కంకాళుడి వంతు. కువలయవల్లి తను చూసింది చెప్పింది. తాబేలు తను చూసింది చెప్పి, వీపు చూపించింది. తాళంచెవి తీసుకుని రత్నకేతు వచ్చాడు. చేసిన పని ఉంది, చూసినవాళ్ళు ఇద్దరున్నారు, పట్టపగలు, పదిమందీ ఉన్నారు. శిక్ష తల తియ్యడం.

తలారి కత్తి వేశాడు. కత్తి వాడి మెడలోంచి గాలిలోంచి పోయినట్టు పోయింది. కంకాళుడు పకపకా నవ్వాడు.

"నా ప్రాణం చిలకలో ఉందిగా! చంపండి మరి చిలకని. ఏం రాసుంది మీ రాతి మీద? ఏ ప్రాణికీ తగలకూడదనా? అయ్యయ్యో! మీ శాసనమే నాకు కవచం!"

"చంపెయ్యండి పిట్టని!" అని జనం అరిచారు. జైలు నుంచి వచ్చినవాళ్ళు మరీ గట్టిగా అరిచారు. వాళ్ళ బాధ అలాంటిది. రాజు కూడా, "ఒక్కసారికి" అన్నాడు.

"ఒక్కసారికే నాన్నగారూ, ఇదంతా మొదలైంది" అన్నాడు మణికేతు.

"అయితే పంజరానికి తాళం వేసి భద్రంగా దాచండి. నన్ను కొట్లో వెయ్యండి. పడుంటాను" అన్నాడు కంకాళుడు. వాడికి కావలసిందీ అదే. భద్రంగా దాచిన ప్రాణానికి చావెక్కడిది? వెయ్యేళ్ళు బతుకుతాడు, ఎప్పుడో ఒకప్పుడు బయటికి వస్తాడు.

మణికేతు పంజరం వైపు చూశాడు. అప్పుడు తట్టింది అతనికి. మెడ నులమడమే శిక్షా? బంధించడం శిక్ష కాదా?

"ఈ పూలమ్మి ఏ నేరం చెయ్యకుండా జైల్లో ఉందని ఇప్పుడే వదిలేశాం. మరి ఈ చిలక చేసిన నేరం ఏమిటి? పుట్టినప్పటి నుంచి లోపలే ఉంది" అని పంజరం తలుపు తీశాడు.

కంకాళుడి నవ్వు ఠక్కున ఆగిపోయింది. "వద్దు! వద్దు నాయనా! దానికి ఎగరడం రాదు!"

చిలక గడప మీద కూర్చుని అటూ ఇటూ చూసింది. రెక్క విప్పింది. తూలింది. మళ్ళీ విప్పింది. ఈసారి లేచింది. పొగడచెట్టు కొమ్మ మీద వాలి, అక్కడి నుంచి ఇంకో కొమ్మకి ఎగిరింది. పైన ఆకాశంలో ఒక గద్ద తిరుగుతూ కీచుమంది.

"నా తల్లీ! ఆకుల్లోకి పో! ఆకుల్లోకి!" అని కంకాళుడు పరిగెత్తాడు. ఎవరిదో గోడ మీద పిల్లిని చూశాడు, దాని వెంట పడ్డాడు. గద్దని చేతులూపి తోలాడు. చిలక ఊరు దాటింది. వాడూ ఊరు దాటాడు. జనం నవ్వి నవ్వి కూలబడ్డారు. అందరి ప్రాణాలూ గుప్పిట్లో పెట్టుకున్నవాడు తన ప్రాణం వెంట తనే పరిగెత్తుతుంటే నవ్వరూ మరి?

ఆపైన మల్లెకొండ రాజు వచ్చాడు. మణికేతుకీ కువలయవల్లికీ పదహారు రోజుల పెళ్ళి చేశారు. ముంగిస మీగడ తిని తిని కదల్లేకపోయింది. గుణార్ణవుడి తర్వాత పద్మకేతు రాజయ్యాడు, తమ్ముళ్ళిద్దరూ కుడిభుజం, ఎడమభుజం. కువలయవల్లి పట్టుబట్టి ఒక కొత్త పద్ధతి పెట్టింది. మూడు వాక్యాలూ చూడకుండా చెప్పినవాళ్ళకే పానకం. మొదటి ఏడు రాజుగారికే దొరకలేదట! చాలాకాలం చల్లగా పాలించారు. ఆ కాలంలో తుమ్మడానికి ఎవరూ భయపడలేదు.

ఎన్నో ఏళ్ళు గడిచాయి. మణికేతుకి తల నెరిసింది. ఒకసారి వేటకని కాదు, ఊరికే పాత దారులు చూడాలనిపించి అడవికి వెళ్ళాడు. ఒక చెట్టు కింద ఎముకల గూడులా ఒక మనిషి. మెడలో దండ లేదు. చేతిలో ఒక కర్ర, ఒళ్ళో జామకాయ ముక్కలు. పైన తొర్రలోంచి నాలుగు చిన్న చిన్న ముక్కులు బయటికి వచ్చి కీచుకీచుమంటున్నాయి. మణికేతు పోల్చుకున్నాడు.

"కంకాళా! ఇంకా చిలకని కాస్తూనే ఉన్నావా? ప్రాణమంటే అంత తీపా?"

ఆ మనిషి గబగబా లేచి, ఒక వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

"మెల్లగా మాట్లాడు నాయనా. తల్లి మేతకి వెళ్ళింది. పిల్లలు బెదురుతారు."

మణికేతు గుర్రం దిగి, చప్పుడు కాకుండా దాన్ని నడిపించుకుంటూ వచ్చేశాడు. అక్కడితో పొగడవరం కథ పొగడవరంలోనే ఉండిపోయింది, మనం ఇక్కడ మిగిలాం.